పాప డబ్బాలో రెండు రొట్టెలు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పాప డబ్బాలో వాళ్ల నాయనమ్మ పెట్టి పంపిన రెండు జొన్నరొట్టెలు తిన్నది నేను.

ఆకలై తినలేదు. వాటిని మాయం చేయాలి, చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాలేదు. వెనక వంటగదిలో గోడవైపు తిరిగి నిలబడి, కూర లేకుండా, రెండూ గబగబా తిన్నాను. గొంతుకు అడ్డం పడ్డాయి. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, ఏమీ జరగనట్టు వెళ్లి పాప పక్కన కూర్చున్నాను.

పదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు కూడా ఒక గీత గీసి తారీకు వేస్తాను. ఆ రోజు పేజీలో ఒక్క వాక్యమే ఉంది: ‘పాప ఈ రోజు రొట్టె తినలేదు, కారణం తెలియదు.’ నా డైరీకి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. మిగతావి దాచుకున్నవి, అబద్ధాలు కావు.

అప్పుడు నేను పిల్లల సెంటర్లో పనిచేసేదాన్ని. ఇప్పుడు ఆ పనిలో లేను. సంగారెడ్డిలో ఒక బడి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసి, నంబర్లు రాసి, అల్మారాలో పెడుతుంటాను. మొన్న ఒక అమ్మాయి వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లల సెంటర్లో కొత్తగా చేరుతోందట. ‘అక్కా, తిండి తినని పిల్లలతో ఏం జాగ్రత్తగా ఉండాలి?’ అని అడిగింది. ఓపిక ఉండాలమ్మా అని చెప్పి పంపించాను. ఓపిక అనే మాట ఎవరైనా చెప్తారు. ఆమె మెట్లు దిగిపోయాక, చెప్పాల్సింది చెప్పలేదని అర్థమైంది. అందుకే ఇది రాస్తున్నాను, ఆమె కోసం, ఆమెలా కొత్తగా వచ్చేవాళ్ల కోసం.

మా సెంటర్ పటాన్‌చెరులో మెయిన్ రోడ్డు మీద, టైర్ల షాపు పైన ఉండేది. రెండు గదులు, వెనక చిన్న వంటగది. నడిపే మేడం, నేను, పిల్లలను చూసుకుంటూ ఊడ్చి తుడిచే ఆపా, అంతే మనుషులం. ఆపా అంటే ఉర్దూలో అక్క. కింద టైరు విప్పుతూ సుత్తి కొడితే పైన ఇద్దరు పిల్లలు చెవులు మూసుకునేవాళ్లు. కంపెనీల వైపు నుంచి గాలి తిరిగి మందుల వాసన వచ్చిన రోజు ఆపా లేచి కిటికీలు వేసేది. ‘ఆగయా’ అనేది, చుట్టం వచ్చినట్టు.

నేను ఆ పనికి ఎందుకు వెళ్లానో నిజం చెప్తే నవ్వుతారు. నాకు నలుగురిలో మాట్లాడడం రాదు. మాట్లాడని పిల్లలైతే నన్ను మాట్లాడమని అడగరు అనుకున్నాను. చేరిన వారానికే ఆపా కనిపెట్టింది.

“మేడం, నీకు మాటలు రావు, పిల్లలకు మాటలు రావు. మంచిగ కుదిరింది మీకు. నడుమ నేనొక్కదాన్నే పరేషాన్,” అన్నది.

నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. సాయంత్రం కిరాయి గదికి వెళ్తే మాట్లాడేవాళ్లు ఉండరు. ఒక్కదాన్నే వండుకుని, పుస్తకం గోడకు ఆనించి నిలబెట్టి, చదువుతూ తినేదాన్ని.

పాప ఆరేళ్లది. వాళ్లది లక్డారం. తండ్రి గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టులకు పోయేవాడు, తల్లి రోజూ ఆటోలో తీసుకొచ్చేది. పాపకు మాట లేదు, సన్నగా ఒక రాగం ఉండేది. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమది కుడికి వేసుకుని వచ్చేది, సరిచేస్తే మళ్లీ మార్చుకునేది. ఆమె తినేవి మూడే. పాలు, ఒక రకం గుండ్రటి బిస్కెట్టు, నాయనమ్మ చేసిన జొన్నరొట్టె. ఆ నాయనమ్మను మేమంతా అవ్వ అనేవాళ్లం. కూర వద్దు, పెరుగు వద్దు, అన్నం మెతుకు చూస్తేనే ముఖం తిప్పుకునేది.

చూసేవాళ్లకు ఇది మొండితనంలా ఉంటుంది. కాదు. కళ్లకు గంతలు కట్టి, చేతిలో ఏదో పెట్టి, ‘నోట్లో వేసుకో, ఏంకాదు’ అంటే మనం వేసుకుంటామా? ఆ పిల్లలకు కొత్త తిండి ప్రతిసారీ అలాగే ఉంటుంది. తెలిసినదైతే దాని రంగు, బరువు, శబ్దం అన్నీ నిన్నటిలాగే ఉండాలి. అప్పుడే నమ్ముతారు.

పాప రొట్టె తినే పద్ధతి నేను ఫైల్లో రాసిపెట్టాను కూడా. రొట్టె తీసి ఒళ్లో పెట్టుకునేది. చూపుడువేలు అంచు చుట్టూ మెల్లగా నడిపించేది. జొన్నరొట్టె అంచు ఎక్కడో ఒకచోట పగిలి ఉంటుంది కదా, వేలికి ఆ పగులు తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి చింపేది. ఆ ముక్క అయిపోయాక మళ్లీ వేలు, మళ్లీ ఇంకో పగులు. ‘తినే ముందు అంచు తడుముతుంది’ అని రాసి, కింద గీత కూడా గీశాను. గీత గీసినంత మాత్రాన అర్థమైనట్టు కాదు.

ఆ ఫైల్లో ‘కొత్త ఆహారం’ అని ఒక గడి ఉండేది. మిగతా పిల్లలవి నిండుతున్నాయి, పాపది మూడు నెలలుగా ఖాళీ. శనివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉందనగా మేడం ఆ పేజీ తిప్పి చూపించింది.

“నువ్వు నిదానంగ చేస్తవు, మంచిదే. కానీ వాళ్లు మన నిదానాన్ని చూడరు, ఈ గడిని చూస్తరు,” అన్నది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అదే రోజు తల్లి నన్ను మెట్ల దగ్గర ఆపింది. డాక్టరు రక్తం తక్కువుందన్నాడట.

“మేడం, బొంతపల్లిల మా ఆడిబిడ్డ ఉంది. వచ్చినప్పుడల్లా, పిల్లను ఎండగొడుతుండ్రు అంటది. నేను ఏం చెప్పాలె? ఒక్కటి తినిపియ్యుండ్రి. ఒక్కటే. మెతుకైనా సరే, గుడ్డు తుంటైనా సరే.”

నేను తలూపాను. నాకు తెలిసిన జవాబు అదే.

ఒక పుస్తకంలో చదివాను, తినే పదార్థాన్నే కొద్దికొద్దిగా మార్చుతూ పోవాలని. పిల్లకు చూపించి, ముట్టుకోనిచ్చి, వద్దంటే ఆగి, వారాల తరబడి చేయాల్సిన పని అని కూడా అందులోనే ఉంది. చదివినదాంట్లో నాకు పనికొచ్చే సగం తీసుకోవడం నా పాత అలవాటు.

బుధవారం పొద్దున ఐదింటికి లేచి నా గదిలో జొన్నపిండి కలిపాను. మొదటిది చేతిలోనే ముక్కలైంది. రెండోది పెనం మీదికి పోకముందే చీలింది. జొన్నపిండికి సాగే గుణం లేదు, దాన్ని చేత్తో ఒప్పించాలి, ఆ చెయ్యి నాకు లేదు. గోధుమపిండి రెండు చెంచాలు వేశాను, నిలిచింది. ఉడికించిన పప్పు మెత్తగా మెదిపి, గుడ్డు పచ్చసొన కూడా కలిపాను. కాల్చి పళ్లెంలో పెట్టి చూస్తే చుట్టూ ఎక్కడా పగులు లేదు. కంపాస్‌తో గీసినట్టు గుండ్రంగా ఉంది. మురిసిపోయాను. అవ్వ రొట్టె కంటే నాదే చక్కగా వచ్చిందనుకున్నాను.

సెంటర్లో పాప డబ్బా తెరిచి అవ్వ రొట్టెలు తీసి, నావి పెట్టాను. తీసినవి ఏం చేశానో మొదట్లోనే చెప్పాను.

మధ్యాహ్నం పాప డబ్బా తెరిచింది. రొట్టె ఒళ్లో పెట్టుకుంది. వేలు అంచు చుట్టూ వెళ్లింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు, ఇంకోటి. ఆ రోజు వేలు చాలాసేపు తిరిగింది. నేను పెన్ను మూత తీసి, ఆ ఖాళీ గడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చివరికి పాప రొట్టెను మధ్యలోకి విరిచి కొరికింది. నమిలింది. ఆగింది.

ఉమ్మేయలేదు. నోరు తెరిచింది, ముక్క దానంతట అదే జారి గౌను మీద పడింది. తర్వాత నా ముఖం వైపు చూసింది. ఆ మూడు నెలల్లో పాప నా ముఖాన్ని సూటిగా చూసింది అదే మొదటిసారి. నేను ఎన్ని రోజులుగానో ఎదురుచూసిన చూపు అది. డబ్బా మూత పెట్టి, నొక్కి, నేల మీద నా వైపు జరిపింది.

సాయంత్రం ఆ డబ్బా అలాగే, నా రొట్టె ముక్కలతోనే, తల్లితో ఇంటికి వెళ్లింది. రొట్టె ముక్క రొట్టె ముక్కే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను.

గురువారం ఇంట్లో అవ్వ చేసిన రొట్టె ముట్టలేదట. శుక్రవారం కూడా అంతే. డబ్బా చూస్తేనే లేచి పోతోంది. మూడింటిలో ఒకటి పోయి రెండు మిగిలాయి.

తల్లి శుక్రవారం వచ్చి మేడం ముందు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

“మా అత్తమ్మ ఈ వారం కొత్త జొన్నలు గిర్నికి పట్టిచ్చింది. పాత సంచి ఒడువలేదు, అది ఒడిసినంక తీయమంటే వినలే. పిండి మారింది, పిల్ల గుర్తువట్టింది. నాకు కోపమొచ్చి బడి గూడ మాన్పిస్తనన్న. అత్తమ్మనే వద్దన్నది. పిల్ల మేడం దగ్గర నా మనవరాలు ఏడ్వదు, మాన్పియ్యకు అన్నది.” అవ్వ నన్ను పిల్ల మేడం అనేది. తల్లి నా వైపు తిరిగింది. “కొత్త పిండికే గదా మేడం?”

మేడం కూడా నా వైపు చూసింది. పాపతో రోజూ కూర్చునేది నేనే కదా.

“కావొచ్చు,” అన్నాను.

ఒక్క మాట. బతుకంతా మాటలు రాని మనిషిని, ఆ మాట మాత్రం ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆ ‘కావొచ్చు’ తీసుకుని తల్లి ఇంటికి వెళ్లింది. ఆ సాయంత్రం అత్తాకోడళ్లకు మాటా మాటా పెరిగింది. ‘నా చెయ్యే మంచిది కాకపాయె’ అని అవ్వ రెండు చీరలు సంచిలో పెట్టుకుని బొంతపల్లికి, బిడ్డ ఇంటికి వెళ్లిపోయింది. కోడలిని నాలుగు మాటలనే ఆ బిడ్డ ఇంటికే.

శనివారం మీటింగ్‌కు తల్లి వచ్చింది గానీ ఫైలు తెరవమని అడగలేదు. పాప బిస్కెట్టు కూడా వదిలేసింది, పాలు సగం గ్లాసు తాగుతోంది. గురువారం దాకా చూసి, అప్పటికీ ఇంతే ఉంటే పట్నం దవాఖానలో చేర్పించి ముక్కులోంచి గొట్టం వేయాలన్నాడు డాక్టరు. మూడేళ్లప్పుడు జ్వరానికి ఒకసారి అలా చేర్చారట. ‘అమ్మ’, ‘పాలు’ అని రెండు మాటలు ఉండేవట పాపకు. దవాఖాన నుంచి వచ్చాక అవి మళ్లీ వినపడలేదు.

“ఈసారి ఏం పోతదో మేడం. పోయేటందుకు ఏమున్నదని,” అన్నది తల్లి.

వాళ్లు వెళ్లాక ఆపా నా పక్కన కూర్చుని చాయ్ గ్లాసు చేతికిచ్చింది. “ఏమైంది బేటా, నీ మొఖం గూడ అట్లనే ఉంది? నువ్వు గూడ తింటలేవా?” అన్నది. ఆమెకైనా చెప్పాల్సింది. చాయ్ వేడిగా ఉందన్నాను.

ఆదివారం బొంతపల్లి బస్సెక్కాను. వీరభద్రుడి గుడికి పోయేవాళ్లతో, కంపెనీ బ్యాడ్జీలు మెడలో వేసుకున్న ఆడవాళ్లతో బస్సు నిండిపోయింది. ‘తప్పు నాది అవ్వా, నీది కాదు’ అనే వాక్యాన్ని ఒక చీటీ మీద రాసుకుని గుప్పిట్లో పెట్టుకున్నాను. దారంతా పెదవులు కదపకుండా అదే అనుకున్నాను. దిగేసరికి చీటీ చెమటకు తడిసిపోయింది.

అవ్వ ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పాపను దింపడానికి రెండు మూడుసార్లు సెంటర్‌కు వచ్చింది కాబట్టి నన్ను గుర్తుపట్టింది.

“పిల్ల మేడం ఇంత దూరం వచ్చిందేంది? కూసో బిడ్డా.”

కూర్చున్నాను. “పాప తింటలేదు అవ్వా.”

“ఎరుకే. నా కొడుకు ఫోన్ చేసి చెప్పిండు.” ఒక గింజ తీసి పక్కన వేసింది. “కొత్త జొన్నలనే తింటలేదట గదా.”

ఆ మాట తర్వాత ఆమె చేతులు ఆగాయి. నాకోసమే ఆపినట్టు ఆగాయి. చీటీ గుప్పిట్లోనే ఉంది.

“నాకు తెల్వదు అవ్వా,” అన్నాను.

చేతులు మళ్లీ కదిలాయి. “నీకు రొట్టె చేయొస్తదా బిడ్డా?”

“రాదు.”

“నేర్చుకోవాలె. ఒక్కదానివే ఉంటవంట గదా, ఏం తింటవు మరి?”

“అన్నం వండుకుంట.”

“ఒక్క పానానికి అన్నం వండితే సగం కుక్కకే పోతది. రొట్టె అయితే లెక్కన చేసుకుంటరు. రెండంటే రెండు.” నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

చివరికి అడగగలిగింది ఒక్కటే. గురువారం గడువు సంగతి చెప్పి, ఇంటికి వచ్చి పాప ముందు రొట్టె చేయమని అడిగాను. ఆమె చింతపండు పక్కకు జరిపింది.

“ఆ ఇంటికైతే రాను. కోడలు పిలువంది గడప తొక్క. మీ బడికైతే వస్త. నా మనవరాలి బడికి నేను రావొచ్చు గదా?”

సోమవారం మేడంతో, అవ్వ రొట్టె చేస్తుంటే పాప చూడాలి, అంతకు మించి ఏం చేయొద్దని చెప్పాను. నేను అన్ని మాటలు ఒకేసారి చెప్పడం మేడం అప్పుడే చూసింది. సరేనన్నది. ఆపా తన ఇంటి నుంచి పీట, పెనం తెచ్చింది. అవ్వ వెనక వంటగదిలో నేల మీద కూర్చుని, మసిలే నీళ్లు పిండిలో పోసి, కలిపి, పీట మీద చరచడం మొదలుపెట్టింది. పాప తలుపు పక్కన చెవులు మూసుకుని నిలబడింది. నేను ఫైలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

“బిడ్డా, నువ్వు జెర ఆ మూలకు పో. గిట్ల అందరం మీద పడి సూస్తుంటే మనకైనా ముద్ద దిగుతదా?” అన్నది అవ్వ.

నేను చదివిన పుస్తకాల్లో దీనికి ఒక అధ్యాయమే ఉంది. మూలకు వెళ్లి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ బుధవారం నిలబడి రెండు రొట్టెలు తిన్న గోడే అది. వెనక నుంచి టప్‌టప్ అని చప్పుడు. మూడో రొట్టెకు పాప చేతులు చెవుల మీద నుంచి దిగాయని ఆపా తర్వాత చెప్పింది. తినలేదు.

మంగళవారం పాప పీట దాకా వచ్చింది. పిండిలో వేలు పెట్టింది, తీసి చూసుకుంది, అవ్వ చీరకు తుడిచింది. అవ్వ ఏమీ పట్టనట్టు తన పని తాను చేసుకుంది. చేసిన రొట్టెలు ఆపా, మేడం, టైర్ల షాపు వాళ్లు తిన్నారు. పాప తినలేదు.

బుధవారం ఆఖరు రోజు. తల్లి కూడా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయట నిలబడింది. అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. మరుసటి రోజు దవాఖానకు తీసుకుపోవడానికి బట్టల సంచి సర్దిపెట్టి వచ్చానని ఆపాతో మెల్లగా అంటోంది. నేను మూలలోనే ఉన్నాను. పెనం మీద రొట్టె తిప్పిన చప్పుడు, పళ్లెంలో పెట్టిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. కింద సుత్తి కూడా ఆగింది.

“కోయీ కుచ్ మత్ బోలో,” అన్నది ఆపా, ఊపిరితో. ఎవరూ ఏమీ మాట్లాడొద్దని.

నేను తల తిప్పకుండా ఉండలేకపోయాను. పాప అవ్వ మోకాలికి ఆనుకుని కూర్చుంది. రొట్టె ఒళ్లో ఉంది. వేలు అంచు మీద నడుస్తోంది. ఎక్కువ దూరం పోలేదు, ఆగింది. అక్కడి నుంచి చింపింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. సన్నగా ఆ రాగం మొదలైంది.

సగం రొట్టె తింది. తల్లి గుమ్మంలోనే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి వచ్చి అవ్వ ముందు కూర్చుంది.

“నేనే నోరు జారిన అత్తమ్మా. పిండి మంచిదే. నీ చెయ్యి మంచిదే. ఇంటికి నడువు.”

“పిండి సంచి ఏడ పెట్టినవు? పురుగు పట్టలేదు గదా?” అన్నది అవ్వ.

నా తప్పుకు ఇంకొకామె క్షమాపణ అడగడం మూలలో కూర్చుని విన్నాను. లేచి నిలబడి ఆ చీటీలోని వాక్యం చెబితే సరిపోయేది. అవ్వ ఒకసారి నా వైపు చూసింది. నేను ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టాను. ఏం రాశానంటే, ‘రొట్టె, సగం.’

తర్వాత పని మామూలుగా, చాలా నిదానంగా సాగింది. దాచడం మానేశాను. ఏది కలిపినా పాప ఎదురుగానే కలిపాం, వారానికి ఒకసారి అవ్వ వచ్చి చేసేది. రొట్టె మీద నువ్వులు అద్దితే పాప ఒక్కో గింజ గిల్లి నేల మీద వరుసగా పేర్చేది. ఆపా ఆ వరుసలు ఊడ్చకుండా చుట్టూ తిరిగి ఊడ్చేది. నెల దాటాక ఒక గింజ వరుసలోకి పోకుండా నోట్లోకి పోయింది. ఆ గడిలో ‘నువ్వు గింజ, ఒకటి’ అని రాస్తే మేడం కళ్లద్దాలు తీసి చూసింది.

“ఒక్క గింజనా?”

“ఒక్కటే మేడం.”

నేను ఆ ఉద్యోగం మానేనాటికి పాప తినేవి మూడు కాస్తా ఏడయ్యాయి. పప్పు ఎప్పటికీ తినలేదు. అన్నం కూడా. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. ఆ పిల్లల దగ్గర ఉండేవి మూడో నాలుగో, వాటిలోకి మనం దొంగతనంగా పోకూడదు. పోయారే అనుకోండి, ఆ రోజే చెప్పేయండి. నాలుగు రోజులు ఆగితే చెప్పడం కష్టమవుతుంది, ఏడాది ఆగితే చెప్పడానికి మనిషి దొరకదు.

రెండేళ్ల తర్వాత బిల్డింగ్ ఓనరు ఖాళీ చేయమన్నాడు. సెంటర్ పట్నం వైపు మారింది, నేను అంత దూరం వెళ్లలేకపోయాను. ఆపా ఇంకెక్కడో పనికి కుదిరింది. పటాన్‌చెరు వదిలే ముందు ఒక మధ్యాహ్నం నేను లక్డారం వెళ్లాను. పాప గడపలో కూర్చుని ఊగుతోంది, చెప్పులు తారుమారుగానే ఉన్నాయి. నా వైపు చూడలేదు. ఒకసారి చూసింది చాలు అనుకున్నాను. తల్లి చాయ్ పెట్టింది. ఈసారైనా చెప్పేసి పోవాలని వచ్చాను. చాయ్ అయిపోయింది, గ్లాసు కడిగి కూడా పెట్టాను.

రోడ్డు దాకా సాగనంపడానికి అవ్వ వచ్చింది. ఎండలో ఇద్దరం నిలబడ్డాం. బస్సు దూరంగా కనిపించాక, ఆమె కొంగు కింది నుంచి పేపర్లో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.

“రెండే పెట్టిన. దార్ల తిను.”

“అవ్వా, ఆ పొద్దు...” అన్నాను. అంతవరకే వచ్చింది.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసి బస్సు వైపు తిప్పింది. ఆ తర్వాత ఆమెను మళ్లీ చూడలేదు. నాతో అన్న ఆఖరు మాటలు ఇవి:

“నా రొట్టెకు అంచులు పలుగుతయి బిడ్డా. ఆ పొద్దు డబ్బల వాపసొచ్చిన రొట్టె తుంటకు పలగలే. ఇగ ఎక్కు, బస్సు పోతది.”